అమ్మ చేతిపనికి ఒక పద్దు పుస్తకం

(ప్లాటినం జూబ్లీ ఉత్సవాలలో భాగంగా జరిగిన తల్లుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భివండీలో పుట్టిన బిడ్డ చెవిన జోలపాటతో పాటే పడేది మరమగ్గాల చప్పుడు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుండి బతుకుతెరువు వెదుక్కుంటూ వచ్చిన నేత కుటుంబాలు చేతిమగ్గం నాటి నైపుణ్యాన్ని ఇక్కడి సాంచెలకు అప్పగించాయి. 1982 జనవరిలో ఆరంభమైన బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె తరువాత అక్కడి బట్ట ఉత్పత్తిలో ఎంతో భాగం ఇటువైపు మరలింది. పద్మనగర్ వంటి పేటలలో తెలుగు మాట, బతుకమ్మ ఆట, మార్కండేయస్వామి పూజ నిలదొక్కుకున్నాయి. ఈ చరిత్రను ఎన్నిసార్లు చెప్పుకున్నా తనివి తీరదు. అయితే ఈ చరిత్రలో సగం మాత్రమే చప్పుడు చేస్తుంది.

సాంచెకు చప్పుడు ఉంది. దానిమీద దిగిన బట్టకు మీటర్ల లెక్క ఉంది. ఆ లెక్కను బట్టి మజూరీ ఉంది. అదే ఇంటిలో, కిటికీ వెలుతురులో, పసిబిడ్డను పక్కన పడుకోబెట్టుకుని జాకెట్టు చేతులకు పూసలు కుట్టే తల్లి పనికి చప్పుడూ లేదు, లెక్కా లేదు. పెళ్ళిళ్ళ కాలంలో మగ్గం వర్కు జాకెట్లు, చీరలకు కుచ్చులు, ద్వారాలకు తోరణాలు, క్రోషియా అల్లికలు, బట్ట సంచులు, ఇట్లా ఎన్ని వస్తువులు ఆమె చేతిమీదుగా తయారై బజారుకు చేరుతాయో! అయినా "మీ ఇంటావిడ ఏం చేస్తుంది?" అని ఎవరైనా అడిగితే, "ఏం చేస్తుంది? ఇంట్లోనే ఉంటుంది" అన్న జవాబే వస్తుంది. ఒక్కొక్కప్పుడు ఆ జవాబు ఆమె నోటినుండే వస్తుంది.

ఈనాటి ప్రసంగం ఆ తల్లిని గురించి. చేతిపని, బిడ్డ పెంపకం అనే రెండు బరువులను ఆమె ఇప్పటికే మోస్తున్నది. వాటికి తోడుగా మూడవదొకటి చేపట్టవలసిందని ఆమెను కోరడం ఈ ప్రసంగ ఉద్దేశం. ఆ మూడవది బరువు కాదు, తక్కిన రెండింటికీ ఊతకర్ర. అది చేతిరాత. తన పనిని తాను రాసుకోవడం.

లెక్కలేని పనికి ఏమి జరుగుతుందో తెలుసుకోవాలంటే పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం వైపు చూడాలి. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు అక్కడి స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. క్రమంగా ఆ విద్య చుట్టుపక్కల పల్లెలలోని అనేక కులాల స్త్రీలకు అబ్బింది. గోదావరి గాలికి అరుగుల మీద కూర్చుని వారు అల్లిన లేసు సముద్రాలు దాటి అమ్ముడుపోయింది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రజ్ఞురాలు ఈ స్త్రీల జీవితాన్ని పరిశీలించి 1982లో ఒక గ్రంథం వెలువరించింది. ఇంటిచాకిరీ యావత్తూ ముగించుకుని, ఆపైన రోజుకు ఆరు నుండి ఎనిమిది గంటలు అల్లే స్త్రీలను కూడా లోకం కేవలం గృహిణులుగానే చూసిందనీ, వారి శ్రమను తీరికవేళ కాలక్షేపంగా జమకట్టిందనీ ఆమె తేల్చింది. తీరిక పనికి మజూరీ ఎందుకు ఎక్కువ ఇవ్వాలి? సరిగ్గా ఆ ఒక్క మాట ఆసరాగా కూలి కిందికి దిగింది, లాభం పైకి పోయింది. 2024లో నరసాపురం క్రోషియా లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. సంతోషించవలసిన విషయమే. కాని వస్తువుకు గుర్తింపు రావడం వేరు, వేళ్ళకు గుర్తింపు రావడం వేరు.

ఇది ఒక్క నరసాపురం కథ కాదు. భారత ప్రభుత్వం 2019లో జరిపిన కాలవినియోగ సర్వేలో, జీతంలేని ఇంటిపనులు చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నట్లు తేలింది. 2024 సర్వేలో ఆ సంఖ్యలు 289, 88. అయిదేళ్ళలో ఆమెకు తగ్గినది పది నిమిషాలు. అతనికీ తొమ్మిది నిమిషాలు తగ్గాయి! అంటే దాదాపు అయిదు గంటలు ఇంటికి ఇచ్చిన తరువాతనే ఆమె సూది చేతపట్టుకుంటున్నది. "తీరికవేళ" అన్న మాట ఎంత అబద్ధమో ఈ లెక్కే చెబుతుంది.

తల్లి శ్రమను లెక్కించడమంటే ప్రేమను తూకం వేయడమేనని కొందరికి అనిపించవచ్చు. ఆ సందేహానికి మన నల్లగొండ నేల మీదనే సమాధానం ఉంది. ఆలేరు సమీపంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారి తల్లి లక్ష్మమ్మ గారు చీరలకు ఆసు పోసేవారు. ఇక్కత్ చీర నేయడానికి ముందు నూలును అర్ధచంద్రాకారంలో అమర్చిన మేకుల చుట్టూ పోయడమే ఆసు. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ కదలాలి. రోజుకు రెండు చీరలైతే 18,000 సార్లు. భుజం నొప్పితో తల్లి బాధపడడం ఊరిలో ప్రతి ఇంటా ఉన్నదే. చూసి జాలిపడిన కొడుకులూ అనేకులు. మల్లేశం గారు జాలిపడి ఊరుకోలేదు, లెక్కపెట్టారు. బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన ఆ యువకుడు 1992లో మొదలుపెట్టి, అప్పులకూ అవహేళనలకూ వెరవక, 1999లో ఆసు యంత్రాన్ని పూర్తిచేసి దానికి తల్లి పేరు పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఆ కొడుకు ప్రేమ లెక్కతో మొదలయింది. "మా అమ్మ చాలా కష్టపడుతుంది" అనడానికీ, "మా అమ్మ చేయి రోజుకు పద్దెనిమిది వేల సార్లు కదులుతుంది" అనడానికీ ఉన్న తేడాలోనే ఆ యంత్రం పుట్టింది.

లెక్క రాసుకున్న తల్లులు ఏమి సాధించగలరో చూడడానికి అంత దూరం కూడా పోనక్కరలేదు. లోకల్ రైలెక్కితే చేరుకోగల ముంబాయి గిర్గాంలో 1959 మార్చి 15న ఏడుగురు గుజరాతీ గృహిణులు 80 రూపాయలు అప్పు తెచ్చి మేడమీద అప్పడాలు ఒత్తడం ప్రారంభించారు. ఆనాడు తయారైనవి నాలుగు పొట్లాలు. వానాకాలంలో అప్పడాలు ఎండక నాలుగు నెలలు పని ఆగిపోయింది. మరుసటి సంవత్సరం మంచం మీద అప్పడాలు పరచి, మంచం కింద పొయ్యి పెట్టి ఆరబెట్టుకున్నారు. వారికి అండగా నిలిచిన ఛగన్‌లాల్ పారేఖ్ గారు మొదటినుండీ పట్టుబట్టింది ఒక విషయం మీద: దీనిని వ్యాపారంగా నడపండి, పద్దులు సక్రమంగా రాయండి. మొదటి ఏడాది అమ్మకం 6,196 రూపాయలు. ఆ సంఖ్య ఈనాటికీ చెప్పుకోగలుగుతున్నామంటే ఆనాడు ఎవరో రాసిపెట్టబట్టే కదా! అదే నేటి లిజ్జత్ పాపడ్ సంస్థ, వేలాది స్త్రీలకు జీవనాధారం. కలిపిన పిండిని ఇంటికి తీసుకుపోయి, బిడ్డల మధ్యనే ఒత్తి, మర్నాడు తూకం వేసి అప్పగించే పద్ధతి వారిది. ఇల్లు వదలకుండానే ఆ ఇల్లాలి పని తరాజు ఎక్కింది.

ఆ సంస్థ చరిత్రలో ఈ సభ గమనించవలసిన మరొక అంశం ఉంది. తొలిరోజులలో చిన్న వయసు ఆడపిల్లలు కూడా అందులో చేరేవారు. తరువాత పద్దెనిమిదేళ్ళు నిండినవారినే చేర్చుకోవాలని నియమం పెట్టుకున్నారు. తల్లి పనిని గురించి ఒక పాఠశాల ఇంతగా పట్టించుకోవడానికి కారణం ఇక్కడే ఉంది.

పెళ్ళిళ్ళ కాలం వస్తుంది. ఒప్పుకున్న జాకెట్లు నాలుగు, గడువు రెండు రోజులు. పెద్దమ్మాయి చేతిలో చురుకుదనం ఉంది, పూసలు బాగా ఎక్కిస్తుంది. "ఈ ఒక్కరోజు బడి మానెయ్యి తల్లీ" అంటుంది అమ్మ. ఆ ఒక్కరోజు నాలుగు రోజులవుతుంది. తరగతిలో ఖాళీగా ఉన్న ఆ చోటును చూడని ఉపాధ్యాయుడు ఈ పట్టణంలో ఉండడు. ఆ తల్లికి బిడ్డ మీద ప్రేమ లేక కాదు. నాలుగు జాకెట్లకు ఎన్ని గంటలు పడతాయో తెలియకుండా ఒప్పుకున్నది, అంతే. తల్లి లెక్కలో రాయని గంటలు చివరకు కూతురి హాజరుపట్టీలో సున్నాలుగా తేలతాయి. బాలకార్మిక చట్టానికి 2016లో జరిగిన సవరణ సైతం, కుటుంబ వృత్తిలో పిల్లల సాయాన్ని బడివేళల తరువాత, సెలవులలో మాత్రమే అనుమతించింది. చేతిపని నేర్పడం మంచిదే. అది మన కులవిద్య, కళ. కాని నేర్పడం వేరు, గడువు తీర్చడానికి వాడుకోవడం వేరు.

అందుచేత ప్రతి తల్లీ ఒక రూళ్ళ నోటుపుస్తకం తెరవాలని ఈ సందర్భంగా విన్నపం. పేజీకి నాలుగు గళ్ళు చాలు: సరుకు ఖర్చు, పట్టిన గంటలు, వచ్చిన డబ్బు, మిగిలినది. ఉదాహరణకు ఒక మగ్గం వర్కు జాకెట్టుకు 1,500 రూపాయలు పలికిందనుకుందాం. పూసలు, జరీ, దారం 450. రానుపోను ఆటో 50. మిగిలినది 1,000. చేతిలో వెయ్యి రూపాయలు చూసుకుని మురిసిపోతాం. గంటల గడిలో 25 అని రాసి ఉంటే గంటకు 40 రూపాయలే అని తెలిసిపోతుంది. అప్పుడు మూడు దారులు కనబడతాయి: ధర పెంచాలా, పని తగ్గే నమూనా ఎంచుకోవాలా, ఈ పనినే వదలాలా? పద్దు లేనివారికి ఉన్నది ఒకటే దారి, రాత్రి మరికొంతసేపు మేలుకోవడం.

అదే పుస్తకం వెనుకపేజీలు నమూనాలకు కేటాయించాలి. ఏ పువ్వుకు ఎన్ని రేకులు, ఏ రంగు ఉతికితే దిగింది, ఏ ముడి జారింది, ఎవరు ఏమి మెచ్చుకున్నారు, అన్నీ రాయాలి. నేర్చుకున్న విద్య వేళ్ళలో మాత్రమే ఉంటే వేళ్ళతోనే పోతుంది. కాగితం మీద ఉంటే కోడలికీ, మనుమరాలికీ, పక్కింటి చెల్లెలికీ అందుతుంది.

బిడ్డ కోసం కూడా ఒక పేజీ ఉండాలి. పరీక్షల నెలలు, టీకాల తేదీలు, పిల్లవాడు జ్వరపడే వానాకాలం ముందే గుర్తుపెట్టుకుంటే ఆ రోజులకు పని తక్కువ ఒప్పుకోవచ్చు. పనినీ బిడ్డనూ సమంగా చూడడమంటే ప్రతిరోజూ తక్కెడ ముల్లు నడుమ నిలవడం కాదు. పెళ్ళిళ్ళ మాసంలో పనివైపు మొగ్గుతుంది, పరీక్షల మాసంలో బిడ్డవైపు మొగ్గాలి. సంవత్సరం మొత్తం మీద రెండూ నిలబడితే అదే సమతూకం. ఇక పాలుతాగే బిడ్డ ఉన్న ఇంటిలో సూదులు, కత్తెర, పూసలు మూత బిగిసే డబ్బాలో, చేతికందని ఎత్తున ఉండాలి. ఇది లెక్కకు మించిన జాగ్రత్త.

తండ్రులతోనూ ఒక మాట. 88 నిమిషాల సంఖ్య ఇంతకుముందే విన్నారు. భార్య చేతిలో గడువు ఉన్ననాడు అన్నం వార్చడం, బిడ్డను బడికి దిగబెట్టడం పెద్ద త్యాగం కాదు. సాంచెమీద పోగు తెగితే పరుగున వెళ్ళి అతికే చేతులకు ఇంటిలో తెగిన పోగు కనబడకపోదు.

ఇదంతా ఎవరు రాయగలరు? ఈ బడిలో అక్షరాలు దిద్దిన తల్లులు రాయగలరు. తెలుగు మాధ్యమంలో చదివి ఏమి లాభమని అడిగేవారు పెరుగుతున్న కాలమిది. మహారాష్ట్ర గడ్డమీద, మరాఠీ, హిందీ మాటల నడుమ, ఎవరి సాయమూ లేకుండా తన కష్టార్జితాన్ని తన అక్షరాలలో రాసుకోగల స్త్రీ ఆ ప్రశ్నకు జవాబు. బ్యాంకులలో, కార్యాలయాలలో స్థిరపడిన పూర్వ విద్యార్థులు సెలవురోజున ఒక గంట వచ్చి ఈ తల్లులకు పద్దు రాయడంలో, ఖాతా తెరవడంలో, 2021లో ప్రారంభమైన ఈ-శ్రమ్ నమోదులో తోడ్పడితే, తమను తీర్చిదిద్దిన బడికి అంతకుమించిన జూబ్లీ కానుక ఉండదు.

చివరిగా పాఠశాల వైపునుండి కూడా దిద్దుకోవలసిన తప్పు ఒకటి ఉంది. బిడ్డను చేర్చే దరఖాస్తులో "తల్లి వృత్తి" అని ఒక గడి ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆ గడిలో "గృహిణి" అన్న ఒక్క మాటే పడుతూ వచ్చింది. తల్లి అడగలేదు, గుమాస్తా అడగలేదు, బడి అడగలేదు. నరసాపురం స్త్రీలకు లోకం ఏ పేరు పెట్టిందో అదే పేరు మన బడి రిజిస్టరు కూడా పెట్టింది. ఇకమీదట ఆ గడి నింపేముందు ప్రతి తల్లినీ అడగవలసి ఉంది. ఆమె కూడా కలం తీసుకుని తన చేతులతో "మగ్గం వర్కు", "లేసు అల్లిక", "కుట్టుపని" అని రాయాలి. పద్దు పుస్తకానికి మొదటి వరుస అదే కావాలి.