బొక్కసమునకు కావలి

గత శ్రావణమాసమున నొకనాటి సాయంకాలము మా యూరి పెద్దలు నలుగురు మా యింటి యరుగుమీదికి వచ్చి కూర్చుండిరి. మా సహకార పరపతి సంఘమునకు ఎన్నికలు జరుగలేదు. ప్రభుత్వమువారే యొకనిని అధ్యక్షునిగా నియమింపనున్నారు. ఆతడు అధికారపక్షమున తిరుగువాడు, నాయొద్ద చదువుకొన్నవాడు. "పంతులుగారూ! ఎఱువుల యప్పులు, ఆడవారు దాచుకొన్న సొమ్ము, అన్నియు నతని సంతకము క్రిందికి వచ్చును. అతడు తగునా, తగడా? మీరు చెప్పవలెను" అనిరి. వెంటనే బదులు చెప్పలేక నేను రెండు దినములు గడువడిగితిని.

పక్షమువాడు గనుక తగడనుట సులభము. మనవాడు గనుక తగుననుట అంతకంటె సులభము. ఈ రెండును తీర్పులు కావని తెలుపుటకు మన దేశమున జరిగిన యొక యుదాహరణము కలదు.

జీవిత బీమా సంస్థ 1956 సెప్టెంబరు 1వ తేదీన ఏర్పడెను. అంతకుముందు వేఱువేఱుగా నున్న 245 బీమా కంపెనీలు, ప్రావిడెంటు సంఘములు అందు కలిసెను. అది పాలసీదారులు పొట్ట కట్టుకొని కట్టిన సొమ్ము. ఏడాది తిరుగకమునుపే, 1957 జూన్ నెలలో, ఆ సంస్థ హరిదాసు ముంద్రా యను వర్తకుని యాఱు కంపెనీల వాటాలను సుమారు 1 కోటి 24 లక్షల రూపాయలు పెట్టి కొనెను. ఆ వర్తకుడు అప్పటికే ధనపుటిక్కట్టులలో నుండెను. పెట్టుబడుల మంచిచెడ్డలు విచారించుటకు సంస్థయందొక సంఘము కలదు. కొనుటకు ముందు దాని నడుగనే లేదు. అప్పటి సంస్థాధ్యక్షుడు రాజకీయనాయకుడు కాడు, ప్రభుత్వోద్యోగి.

ఇక 1957 డిసెంబరులో లోక్‌సభయందు ఈ సంగతి లేవదీసినవాడెవరు? పాలకపక్షమగు కాంగ్రెసు సభ్యుడే, ప్రధానమంత్రి నెహ్రూగారి యల్లుడే యైన ఫిరోజ్ గాంధీ. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి చాగ్లాగారు పదిమంది యెదుట విచారణ జరిపి, తన శాఖ యధికారుల చేతలకు మంత్రియే బాధ్యుడని తేల్చిరి. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి. టి. కృష్ణమాచారిగారు పదవి విడిచిరి. పక్షమువాడు కానివాని యేలుబడిలో కట్టు తప్పినది. పక్షమువాడే నిలిచి యడిగినాడు. కావున ఏ పక్షమువాడని యడిగి యూరకుండిన చాలదు.

మఱి యేమి యడుగవలెను? కౌటిల్యుని యర్థశాస్త్రమున అమాత్యులకు ధర్మము, అర్థము, కామము, భయము అను నాలుగింటిచేత పరీక్షలు విధింపబడినవి. వానిలో అర్థపరీక్షయందు నిలిచినవానిని రాబడికిని బొక్కసమునకును నియమింపవలెనని యతని మతము. నాకు తోచినంతవఱకు, నేటి బొక్కసములకు భయపరీక్షయు కావలెను. లంచమునకు లొంగనివారు చాలమంది కలరు. కుర్చీ యిచ్చినవాని మాట కాదనగలవారు కొందఱే.

ఈ మాట పుస్తకము చూచి చెప్పుట లేదు. చాలకాలము క్రిందట నేను పాఠశాల కట్టడపు నిధికి సభ్యుడను. ఆ నిధి యధ్యక్షుడు పైవారు నియమించిన పెద్దమనిషి. ఒకనాటి రాత్రి ఆయన కాగితమొకటి తెచ్చి, తన నాయకునికి కావలసిన కంట్రాక్టరునకు పని కాకమునుపే సొమ్ము చెల్లింపవలెనని చెప్పి, సంతకము చేయుమనెను. తగదని నేనెఱుగుదును. ఐనను మొగమాటమునకు చేసితిని. అందుండి పైస యైనను నేను తినలేదు. కాని పని మధ్యలో నిలిచి, ఆ తరగతిగది కప్పు రెండు వానకాలములు కారెను. తడిసిన పలకలు పట్టుకొని మూల నొదిగిన బిడ్డలకు నేనే పాఠము చెప్పితిని. నా నిజాయితీ వారి నెత్తిమీద చూరునీటిబొట్టు నొకదానినైనను ఆపలేదు.

అందుచేత మఱునాడు ఆ శిష్యుని పిలిపించి, ఒక్కటే యడిగితిని: "నిన్ను కుర్చీలో పెట్టినవారు రేపు చీటి వ్రాసి, హామీ లేనివానికి అప్పిమ్మనిన నేమి చేయుదువు?" అతడు చాలసేపు తల వంచుకొని, "పంతులుగారూ, కాదనుట నాకు కష్టమే. సభ్యులందఱి యభిప్రాయములు మినిట్సు పుస్తకమున వ్రాయించి, తీర్మానమైనగాని సంతకము పెట్టను" అనెను. కష్టమే లేదని ఱొమ్ము చఱచుకొనియుండిన నేనతనిని నమ్మియుండను.

పెద్దలతో నిట్లు చెప్పితిని: "తగును, కాని యతనిని ఒంటరిగా విడువకుడు. తీర్మానము లేక రూపాయి కదలరాదు. తన బంధువుల యప్పు విచారణకు వచ్చినపుడు అతడు లేచి వెలుపలికి పోవలెను. ఏటికి రెండుమాఱులు పద్దులు రచ్చబండయొద్ద బిగ్గరగా చదువవలెను. వినుటకు మీరు రావలెను. మీరు రాని నాడు అతడు చెడినచో, ఆ తప్పులో సగము మీది."

సోదరులారా, మీ యూరను ఏదో యొక నిధి యుండును. గుడిదో, బడిదో, సంఘముదో. దానికొక యధ్యక్షుడు వచ్చునపుడు పూలమాల వేయుటకు ముందు ఈ యొక్క ప్రశ్న యడుగుడు. అతని మాట వినుడు, తడబాటును వినుడు. పిమ్మట మాల వేయుడు.

సెలవు.