విడాకులకు ఏ కోర్టునకు పోవలెను?

భద్రాచలము ఊరు దాటగానే ఎటపాక వచ్చును. నడుమ కొండ లేదు, ఏరు లేదు. కాని ఒక రాష్ట్రపు పొలిమేర ఉన్నది. 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలోనున్న భద్రాచలము తాలూకా ఆ ఏట ఖమ్మం జిల్లాలో కలిసినది. పోలవరము ప్రాజెక్టు నిమిత్తమై 2014లో ఎటపాక, కూనవరము, చింతూరు, వరరామచంద్రపురము, కుక్కునూరు, వేలేరుపాడు ప్రాంతములు ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. భద్రాచలము పట్టణము తెలంగాణలో నిలిచినది. 2019 జనవరి 1 నుండి హైకోర్టులును వేరైనవి. పొలిమేరలు మారినను వియ్యములు మారలేదు. ఆ వైపు పిల్ల ఈ వైపు ఇంట కోడలగుచునే యున్నది. అట్టి కాపురము చెడినపుడు న్యాయమునకై ఎచ్చటికి పోవలెనో నేడు విచారింతము.

మొదట తెలియవలసినది, ఆ దంపతులకు ఏ చట్టము వర్తించునన్నది. ముస్లిములకు, క్రైస్తవులకు, ప్రత్యేక వివాహ చట్టము క్రింద పెండ్లాడినవారికి వేర్వేరు చట్టములు కలవు. 1955 నాటి హిందూ వివాహ చట్టము, కేంద్ర ప్రభుత్వము ప్రత్యేకముగా ప్రకటించిననే తప్ప, షెడ్యూల్డు తెగలవారికి వర్తింపదు. కావున కోయలకు, కొండరెడ్లకు తమ తెగ ఆచారమే ప్రధానము. కులపెద్దల యెదుట పంచాయితి జరిగి విడిపోవుట అట్టి ఆచారమే. అయితే కోర్టులో ఆచారమును రుజువు చేయవలసి యుండును. నోటిమాటతో ముగిసిన విడాకులకు పెద్దల జ్ఞాపకమే సాక్ష్యము. వారు గతించిన పిదప ఆ సాక్ష్యమును ఉండదు. ఆమె మరల పెండ్లాడినచో, తొలి పెండ్లి తెగలేదని ఎవరైనను తగవు తీయవచ్చును. అందుచేత తీర్మానము వ్రాయించి, తేదీ వేయించి, ఇరువురి చేతను పెద్దల చేతను సంతకములో వేలిముద్రలో పెట్టించి, చెరియొక ప్రతి దాచుకొనవలెను.

హిందూ వివాహ చట్టము వర్తించువారు మూడు చోట్లలో ఎచ్చటనైనను అర్జీ పెట్టవచ్చును: వివాహము జరిగిన చోట, ఎదుటి పక్షము నివసించుచున్న చోట, ఇరువురును కడపట కలిసి కాపురమున్న చోట. 2003లో స్త్రీలకు నాల్గవ దారి తెరచినారు. అర్జీదారు భార్యయైనచో, తాను నివసించుచున్న చోటనే అర్జీ పెట్టవచ్చును. చింతూరు అత్తవారింటినుండి పాల్వంచ పుట్టింటికి వచ్చినామె మరల చింతూరు వైపు తిరుగనక్కరలేదు. ఏజెన్సీలో మాత్రము సివిల్ వ్యవహారములకు ప్రత్యేక నియమములున్నవి కనుక, ఏ కోర్టో ముందుగా విచారించుకొనుట మేలు. పెండ్లియై ఏడాది నిండక సాధారణముగా విడాకుల అర్జీ స్వీకరింపరు. ఏడాది వేరుగా నున్న దంపతులు పరస్పర సమ్మతితో ఉమ్మడి అర్జీ పెట్టు వీలు 1976 నుండి కలదు.

భర్త ఒక రాష్ట్రమున, భార్య వేరొక రాష్ట్రమున కేసులు వేసినచో, ఒక కేసును రెండవ రాష్ట్రమునకు మార్పించుటకు సుప్రీంకోర్టునకు అర్జీ పెట్టుకొనవచ్చును. దేశపు ఎల్ల దాటినను ఇదే చిక్కు. 1975లో తిరుపతిలో వివాహమాడిన ఒక భర్త అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రపు కోర్టులో విడాకులు తెచ్చుకొనగా, 1991లో సుప్రీంకోర్టు ఆ డిక్రీని అంగీకరింపలేదు. ఏ చట్టము క్రింద పెండ్లి జరిగినదో ఆ చట్టము ఒప్పిన కోర్టే సాధారణముగా దానిని రద్దు చేయగలదని తేల్చినది.

కేసు తేలువరకు పూట గడుచుట ఎట్లు? మనోవర్తికి మతము, తెగ అడ్డు కావు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న నాగరిక సురక్షా సంహితను బట్టి భార్య తానున్న చోటనే మేజిస్ట్రేటును ఆశ్రయింపవచ్చును. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకును, షెడ్యూల్డు కులముల, తెగల వారికిని, ఆదాయముతో నిమిత్తము లేక, ఉచితముగా వకీలును ఇత్తురు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడిగిన చాలును.

మేము చెప్పునది ఇంతే. కాపురము నిలుచుట మంచిది. నిలువనిచో సక్రమముగా ముగియుట మంచిది. పెండ్లి ఎచ్చట జరిగినది, కడపట ఎచ్చట కలిసియున్నారు, ఇపుడెవరెచ్చట నున్నారు అను మూడు సంగతులు ఒక కాగితముపై వ్రాసికొని బయలుదేరుడు. ఆ కాగితమే మీకు దారి చూపును.