ఇంట్లో గాలికి అవుట్‌వార్డ్ ఉండాలి

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ముప్పైరెండేళ్ళు గుమాస్తాగిరీ చేసి రిటైరైనవాడిని. డి.ఎ. బకాయిల గురించి మాట్లాడమంటే గంటసేపైనా మాట్లాడగలను. కాని ఈ రోజు మనం ఇంట్లో పీల్చే గాలి గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. మా ఇంట్లో జరిగిందే చెబుతాను.

1998లో వాజ్‌పేయి గారు మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటికి అటువైపు రాళ్ళగుట్టలే ఎక్కువ. ఇప్పుడు మా అబ్బాయి ఉద్యోగరీత్యా కొండాపూర్‌లో తొమ్మిదో అంతస్తులో ఉంటున్నాము. చుట్టూ ఎప్పుడూ ఏదో ఒక కట్టడం సాగుతూనే ఉంటుంది. దుమ్ము వస్తుందని కిటికీలన్నీ మూసి ఉంచేవాళ్ళం. అబ్బాయి, కోడలు ఆఫీసుకు, మనవడు స్కూలుకు వెళ్ళాక ఆ మూసిన గాలిలో మిగిలేది మేమిద్దరమే.

క్రిందటి ఏడాది చలికాలంలో మా ఆవిడకు దగ్గు పట్టుకుంది. రాత్రయితే పిల్లికూతలు, ఆయాసం. రోడ్డు దుమ్మే కారణమని బిల్డర్లందరినీ తిట్టుకున్నాను. పరీక్షలన్నీ చూసిన డాక్టరుగారు, "ఇంట్లో ఏమేమి వెలిగిస్తారండీ?" అని అడిగారు. లెక్క చెప్పాను. పొద్దున అగరుబత్తులు, సాయంత్రం సాంబ్రాణి, రాత్రి తలుపులు బిగించి దోమల కాయిల్. "వెలిగించేదెవరు?" అన్నారు. "నేనేనండీ" అన్నాను. ఆ మాట అన్నాక మా ఆవిడ ముఖం చూడలేకపోయాను.

తరువాత తెలుసుకున్నాను. 2003లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సూక్ష్మ ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగలోని ధూళికి సమానమని తేలింది. జన్మలో సిగరెట్ ముట్టనివాడిని, ఇల్లాలికి రోజూ ఇంత పొగ పట్టించాను!

కాయిల్ ఒక్కటే కాదు. పోపు, వేపుళ్ళ పొగ ఉంది. కొత్త ప్లైవుడ్ అలమారాల జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ అనే వాయువు నెలల తరబడి వస్తుంది. అది కేన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధనా సంస్థ 2004లో నిర్ధారించింది. బాత్‌రూం కడిగే యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడర్‌తో కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. గాలాడని బాత్‌రూంలో గ్యాస్ గీజర్ వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగూ వాసనా లేవు, మనిషి తెలియకుండానే స్పృహ తప్పి ప్రాణం మీదికి వస్తుంది.

మన అమ్మలు పుల్లల పొయ్యి ముందు ఊదుగొట్టంతో ఊది ఊది కళ్ళు ఎర్రజేసుకున్నారు. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం కింద ఆడవారికి గ్యాస్ కనెక్షన్లు ఇచ్చింది ఆ కష్టం చూసే. ఆ పొగ కంటికి కనిపించేది, కనుక జాగ్రత్తపడ్డాం. ఇప్పటిది చాలావరకు కనిపించదు. బయటి గాలిని కొలవడానికి సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో యంత్రం ఉంది. మన పడకగదిలో గాలిని కొలిచేవారెవరు?

మా ఇంట్లో చేసిన మార్పులు చెబుతాను. కాయిల్ మానేసి దోమతెర కట్టాము, కిటికీలకు జాలీ పెట్టించాము. దేవుడికి దీపం, పువ్వులు. అగరుబత్తి పండుగనాడు ఒక్కటి, అదీ బాల్కనీలో. పొయ్యి వెలిగించకముందే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తాము, వంట అయ్యాక పది నిమిషాలు ఉంచుతాము. చలికాలం తెల్లవారుజామున దుమ్మూ పొగా నేలను అంటుకుని ఉంటాయి గనుక, ఎండ బాగా వచ్చాక ఎదురెదురు కిటికీలు కాసేపు తెరుస్తాము. పక్కన పని జోరుగా సాగుతుంటే అటువైపు కిటికీ మూస్తాము. చీపురుకు బదులు తడిగుడ్డతో తుడుస్తాము.

"నాన్నా, ఏ.సి. వేసుకుంటే గాలి శుభ్రమేగా?" అన్నాడు మా అబ్బాయి. మామూలు ఏ.సి. గదిలోని గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, కొత్త గాలి తేదు. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, ఇన్‌వార్డే గాని అవుట్‌వార్డ్ లేని సెక్షన్ అన్నమాట. ఏది వచ్చినా బల్ల మీదే పేరుకుంటుంది.

మా ఆవిడ ఇన్‌హేలర్ ఇంకా మానలేదు. కాని రాత్రిళ్ళు నిద్రపోతోంది. ఆమె దగ్గకుండా నిద్రపోతుంటే నాకూ నిద్ర పడుతోంది.

మీ ఇళ్ళలో దగ్గు వినిపిస్తే బయటి దుమ్మును తిట్టే ముందు, ఇంట్లో వెలిగించేవాటి లెక్క ఒకసారి తీయవలసిందిగా కోరుతున్నాను.