మార్కాపురం పలకపై నీటిబొట్టు
పలకలకు పేరుపడిన మార్కాపురంలో నీటిబొట్టును ఫొటో తీయదలచినవారు నల్లని నేపథ్యం కోసం వెతుక్కోనక్కరలేదు. పళ్ళెంలో పలకను పరచి, అది మునిగేలా నీరు పోస్తే చాలు. అడుగున్నర ఎత్తు నుంచి జారిన బొట్టు ఉపరితలాన్ని తాకేసరికి సెకనుకు సుమారు 3 మీటర్ల వేగం అందుకొని, సెకనులో వెయ్యోవంతులోనే 3 మిల్లీమీటర్లు కదులుతుంది కనుక, చిత్రంలో చారలా సాగిపోతుంది. ఆ చారను అరికట్టేది కెమెరా ఖరీదు కాదు, చీకటిగదిలో ఫ్లాష్ మెరిసే కాలం; శక్తిని ముప్పైరెండోవంతుకు తగ్గిస్తే మామూలు ఫ్లాష్ సైతం దాదాపు సెకనులో పదివేలోవంతు సేపే వెలుగుతుంది. అమెరికన్ ఇంజనీరు హెరాల్డ్ ఎడ్జర్టన్ 1957లో పాలచుక్క చిందిన కిరీటాకారాన్ని ఫొటోలో పట్టిన సూత్రమూ క్షణికమైన ఈ మెరుపే. బొట్టు పడేచోట పెన్సిలు నిలిపి, దానిపై ఫోకస్ కుదిర్చి, ఆపై తీసివేయాలి. నీటి ఎద్దడి ఎరిగిన పొరుగు గిద్దలూరు ప్రాంతానికీ ఈ ఫొటో ప్రయత్నం భారం కాదు: మిల్లీలీటరుకు సుమారు ఇరవై బొట్లు.