స్తంభం ఎక్కేది మనం, రిజిస్టర్లో పేరెవరిది?

(దళిత యువజన శిక్షణా తరగతుల్లో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)



నన్ను కరెంటు లైన్‌మన్ ఉద్యోగం గురించి, దానికి కావలసిన శిక్షణ గురించి మాట్లాడమన్నారు. నేను కరెంటు పనివాణ్ణి కాదు, బడిపంతుల్ని. మా ఇంట్లో మొదట డిగ్రీ పుచ్చుకున్నవాణ్ణి. అందుకే ఒక సంగతి నాకు బాగా తెలుసు. పని రావడం వేరు, పని వచ్చునని చెప్పే కాగితం చేతిలో ఉండటం వేరు. మన తాతలకు తోలుపని, నేతపని, మట్టిపని అన్నీ వచ్చు. అయినా వాళ్ళ పేరు ఏ జీతాల పట్టీలోనూ ఎక్కలేదు.

ఇప్పుడు కరెంటు కాడ కూడా అదే జరుగుతోంది. వానాకాలం రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫీజు పోతుంది. లైన్‌మన్ ఒక్కడు, ఆయన కింద ఊళ్ళు నాలుగు. ఆయన వచ్చేదాకా ఆగే ఓపిక మోటార్లున్న ఆసాములకు ఉండదు. అప్పుడు వాడకు కబురొస్తుంది. "ఒరేయ్, నీకు తెలుసు గదరా, జర పోయి ఫీజేసి రా" అంటారు. మనోడు లుంగీ ఎగ్గట్టి, చేతిలో కటింగ్ ప్లేయరు పట్టుకుని పోతాడు. చేతికి గ్లౌజు లేదు, నడుముకు బెల్టు లేదు. పని అయితే చాయి తాగిస్తారు. వాడు పడిపోతే "ఎవడెక్కమన్నాడు?" అంటారు. మన పిల్లగాడు స్తంభం ఎందుకెక్కాడో రుజువు చేయడానికి వాళ్ళమ్మ ఆఫీసుల చుట్టూ తిరగాలి. చచ్చిపోయే పని మనకు, జీతమొచ్చే పని ఇంకొకరికి. బావి పూడిక తీయడంలో, మోరీ శుభ్రం చేయడంలో చూసిన పద్ధతే స్తంభం మీదికీ ఎక్కింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. లైన్‌మన్ మన శత్రువు కాడు. ఆయనా కార్మికుడే. నలుగురి పని ఒక్కడితో చేయించే పద్ధతి మీదనే మన కొట్లాట.

మనోడికి తెలియకుండా ఉన్నదేమిటి? శిక్షణ ఏం నేర్పుతుంది? తమ్ముళ్ళు జాగ్రత్తగా వినండి. 60 వాట్ల పాత బల్బు 230 వోల్టుల మీద సుమారు 260 మిల్లీ ఆంపియర్ల కరెంటు లాగుతుంది. అందులో అయిదో వంతు గుండె గుండా పోతే మనిషి చచ్చిపోవచ్చు. ఇక స్తంభం మీద 11 కె.వి. అంటే పదకొండు వేల వోల్టులు. దాన్ని తాకనక్కర లేదు, మరీ దగ్గరికి పోయినా గాలిలోంచే దూకుతుంది.

అందుకే శిక్షణ పొందినవాడు ముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్.సి. తీసుకుంటాడు. ఎల్.సి. అంటే లైన్ క్లియర్. ఆ ఫీడర్ ఆపినట్టు అక్కడ రాసుకుంటారు. తీసుకున్న మనిషే పని ముగించి తిరిగి ఇచ్చేదాకా దాన్ని మళ్ళీ చార్జి చేయకూడదు. తర్వాత ఏబీ స్విచ్ దించి, మూడు బ్లేడ్లూ విడిపడ్డాయా అని కళ్ళతో చూస్తాడు. ఒక్కోసారి హ్యాండిల్ కిందికొస్తుంది గానీ ఒక బ్లేడు అతుక్కునే ఉంటుంది. ప్రాణాలు పోయేది అక్కడే. ఆ తర్వాత లైన్లో కరెంటు లేదని పరీక్ష చేసి, డిశ్చార్జి రాడ్‌తో ఎర్త్ చేస్తాడు. పనిచేసే చోటుకు రెండు పక్కలా ఎర్త్ ఉండాలి.

రెండు పక్కలా ఎందుకని అడగండి. ఊళ్ళో ఎవరో పెళ్ళికి జనరేటర్ పెడతారు. చేంజోవర్ స్విచ్ ఉండదు. ఆ కరెంటు ఇంటి వైరు నుంచి ఎదురెక్కి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పోతుంది. పదకొండు వేలను 433 వోల్టులకు దించే ట్రాన్స్‌ఫార్మరే, ఎదురు దిక్కున వచ్చిన కరెంటును మళ్ళీ వేల వోల్టులకు పెంచుతుంది. సబ్‌స్టేషన్లో ఆపి ఉంటుంది, ఫోన్లో "ఆఫ్ చేసినం" అని చెప్పి ఉంటారు, అయినా మనిషి చస్తాడు. ధైర్యం దీన్ని ఆపలేదు. ఎర్త్ రాడ్ ఆపుతుంది.

ఇది నేర్చుకునే దారి మన ముందే ఉంది. పది పాసైతే ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్, రెండేళ్ళు. ఎనిమిది పాసైనవాళ్ళకు వైర్‌మన్ ట్రేడ్, అదీ రెండేళ్ళే. అయితే తెలంగాణలో జూనియర్ లైన్‌మన్ నోటిఫికేషన్లు పదో తరగతితో పాటు ఐటీఐ ఎలక్ట్రికల్ గానీ వైర్‌మన్ గానీ, లేకుంటే ఎలక్ట్రికల్‌లో రెండేళ్ళ ఇంటర్ ఒకేషనల్ గానీ అడిగాయి. కనక పది ఫెయిలైనవాడు పదిని వదిలిపెట్టొద్దు, రాసి గట్టెక్కాలి. ఐటీఐ అయ్యాక అప్రెంటిస్‌గా చేరాలి. 1961 అప్రెంటిసుల చట్టంలోనే ఎస్సీ, ఎస్టీలకు సీట్లు ప్రత్యేకించాలని రాసి ఉంది. అది ఎవరూ పెట్టే భిక్ష కాదు, అడిగి తీసుకోండి. రాత పరీక్ష తర్వాత స్తంభం ఎక్కే పరీక్ష ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో సచివాలయాలకు ఎనర్జీ అసిస్టెంట్లను తీసుకున్నప్పుడు స్తంభం ఎక్కడం, మీటర్ రీడింగ్, సైకిల్ తొక్కడం చూశారు. వీటిలో మన పిల్లలకు కొత్తది ఏముంది? మనల్ని వెనక్కి నెట్టేది రాత పరీక్ష ఒక్కటే. ఓమ్ సూత్రం, స్టార్ డెల్టా కనెక్షన్లు, ఎర్తింగ్ కూర్చుని చదవాల్సిందే. రాత్రిపూట వాడలో చదివించడానికి మాలాంటి పంతుళ్ళం ఉన్నాం.

బాబాసాహెబ్ ఈ దారిని ఎప్పుడో చూపించారు. ఆయన 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడు. 1942లో ప్రభుత్వానికిచ్చిన వినతిపత్రంలో ప్రభుత్వ ప్రెస్సుల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో ఎస్సీ పిల్లలను అప్రెంటిసులుగా తీసుకోవాలని అడిగారు. దేశానికి విద్యుత్ పథకాలు ఆలోచించే కేంద్ర సాంకేతిక విద్యుత్ బోర్డు కూడా ఆయన శాఖ కిందే 1944లో ఏర్పడింది. మనం గోడ మీద ఆయన పటం పెట్టుకున్నాం. యంత్రం దగ్గరికి పొమ్మన్న మాట మాత్రం మరిచిపోయాం.

చెల్లెళ్ళు, ఇది మగవాళ్ళ పని అనుకోకండి. 2019లో తెలంగాణ దక్షిణ డిస్కం 2,500 జూనియర్ లైన్‌మన్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చి, ఆడవాళ్ళకు అర్హత లేదన్నది. కొందరు ఆడపిల్లలు హైకోర్టుకు పోయి కొట్లాడారు. సిద్దిపేట జిల్లా పిల్ల బబ్బూరి శిరీష స్తంభం ఎక్కి చూపించి 2021లో ఉద్యోగంలో చేరింది. కోర్టు మెట్లు ఎక్కకపోతే ఆ స్తంభం దగ్గరికే రానిచ్చేవాళ్ళు కాదు.

దళారుల సంగతి కూడా చెప్పాలి. 2022లో వెయ్యి పోస్టులకు పెట్టిన పరీక్ష అక్రమాలు బయటపడి రద్దయింది. పుస్తెలమ్మి లక్షలిచ్చే తల్లిదండ్రులారా, ఆ డబ్బులో కొంచెం పిల్లవాడి పుస్తకాలకు పెట్టండి. ప్రైవేటు ఐటీఐలో చేర్పించే ముందు లోపలికి పోయి చూడండి. మోటార్లు, ప్యానెల్ బోర్డులు ఉన్నాయా, పిల్లల చేత పని చేయిస్తున్నారా, గుర్తింపు కాగితం ఉందా అని అడగండి. జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ ఇవ్వలేని చోట రూపాయి కూడా కట్టొద్దు.

ఇప్పటికే హెల్పర్లుగా తిరుగుతున్న అన్నలకు ఒక మాట. 2017లో తెలంగాణ విద్యుత్ సంస్థలు కాంట్రాక్టు కార్మికులను ఆర్టిజన్లుగా తీసుకున్నాయి. కాంట్రాక్టరు రిజిస్టర్లో పేరున్నవాడు ఆ లెక్కలోకి వచ్చాడు. ఏళ్ళ తరబడి స్తంభాలెక్కినా ఏ రిజిస్టర్లోనూ పేరు లేనివాడు ఏం చూపించగలడు? ఈ రోజు నుంచి మీరు చేసిన పని, తేదీ, ఊరు, పిలిచిన మనిషి పేరు ఒక నోటుబుక్కులో రాయండి. జీతం చేతికిస్తే రసీదు అడగండి.

ఈ తరగతుల నుంచి మూడు పనులు తీసుకుని పోదాం. ఒకటి, ప్రతి వాడలో పది పాసైన, ఫెయిలైన పిల్లల జాబితా రాసి, ఐటీఐ దరఖాస్తుల రోజుల్లో వాళ్ళ కుల, ఆదాయ ధృవపత్రాలు సిద్ధంగా పెట్టాలి. రెండు, ప్రతి ఊళ్ళో లైన్‌మన్ ఉన్నాడా, ఖాళీ ఉందా అని కరెంటాఫీసుకు సమాచార హక్కు కింద కాగితం పెట్టాలి. మూడు, ఎల్.సి. లేకుండా, గ్లౌజులు లేకుండా, పేరు రాయకుండా మన వాడ నుంచి ఎవరూ స్తంభం ఎక్కకూడదు. సర్పంచ్ పిలిచినా, పటేలు పిలిచినా "సార్, ఎల్.సి. నంబరు చెప్పండి" అని అడగాలి. ఒక రాత్రి ఊరంతా చీకట్లో ఉంటే ఉండనీయండి. మన వాడలు ఎన్నేళ్ళు చీకట్లో ఉన్నాయో ఊరికి తెలియనిది కాదు.

జై భీమ్.