శామీర్‌పేట పట్టా, పెద్దల సభ ఎజెండా

  మేడ్చల్, శామీర్‌పేటల చుట్టుపక్కల కాలేజీల్లో చదువు పూర్తిచేసుకుని నల్ల గౌన్లలో కూర్చున్న పట్టభద్రులకు అభినందనలు.

ఈ రోజు వీళ్ల చేతికి వచ్చే పట్టా ఉద్యోగానికి పనికొస్తుంది, పై చదువుకు పనికొస్తుంది. మరో పనికీ వస్తుంది గానీ ఆ సంగతి ఇళ్లలో పెద్దగా మాట్లాడుకోరు. పట్టా పుచ్చుకుని మూడేళ్లు నిండితే, రాజ్యాంగంలోని 171వ అధికరణం ప్రకారం ఆ పట్టభద్రుడికి శాసనమండలి ఎన్నికలో ఓటు దక్కుతుంది. మండలి సీట్లలో పన్నెండో వంతు పట్టభద్రులు ఎన్నుకునేవే.

2021 మార్చిలో మహబూబ్‌నగర్-రంగారెడ్డి-హైదరాబాద్ పట్టభద్రుల స్థానానికి ఎన్నిక జరిగింది. పాత రంగారెడ్డి జిల్లాలోని శామీర్‌పేట, మేడ్చల్ కూడా ఆ స్థానం కిందికే వస్తాయి. 93 మంది అభ్యర్థులు. బ్యాలెట్ కాగితం దినపత్రిక పేజీలా పరుచుకుంది. సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియంలో 17న మొదలైన లెక్కింపు 20న గానీ తేలలేదు. చివరికి పీవీ నరసింహారావు కుమార్తె సురభి వాణీదేవి గెలిచారు. ఆ ఎన్నికలో వేల ఓట్లు చెల్లకుండా పోయాయి. పేరు ఎదురుగా 1, 2, 3 అని అంకె వేయాల్సిన ఓటు అది. వేసినవాళ్లంతా డిగ్రీ చదివినవాళ్లే.

ఓటు ఒక్క రోజు పని. ఆ ఓటుతో లోపలికి వెళ్లినవాళ్లు రోజూ ఏం చేస్తారు, మండలి లాంటి పెద్దల సభ దినచర్యను ఎవరు, ఎలా నడుపుతారు అన్నది పట్టభద్రులు పట్టించుకోవాల్సిన విషయం.

శామీర్‌పేట చెరువు కింద సేద్యం చేసిన కుటుంబాలకు నీరటి అంటే ఎవరో తెలుసు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంతసేపు నీళ్లు వదలాలో చూసే మనిషి. ఎగువ మడి పేరున్న ఆసామిది కావచ్చు, కొస మడి పేదవాడిది కావచ్చు, ఇద్దరి వంతూ అతనే తేల్చాలి. సభ నడిపేవాళ్లది కూడా నీరటి పనే. పారేది నీళ్లు కాదు, నిమిషాలు.

పార్లమెంటులోని పెద్దల సభ, రాజ్యసభలో ఒక రోజు చూస్తే ఇది బోధపడుతుంది. 11 గంటలకు సభ మొదలవుతుంది. మంత్రులు తమ శాఖల కాగితాలు సభ ముందుంచుతారు. తర్వాత అత్యవసర విషయాలు లేవనెత్తే జీరో అవర్. ఒక్కో సభ్యుడికి మూడు నిమిషాలు. పన్నెండింటికి ప్రశ్నోత్తరాలు. ఒకప్పుడు ప్రశ్నలు 11 గంటలకే ఉండేవి. పొద్దుటి గొడవలో అవి రోజూ కొట్టుకుపోతుండటంతో అప్పటి ఛైర్మన్ హమీద్ అన్సారీ 2014 శీతాకాల సమావేశాల నుంచి వాటిని పన్నెండుకు మార్చారు. రోజుకు 15 ప్రశ్నలకు మంత్రి నిలబడి జవాబు చెప్పాలి, 160 ప్రశ్నలకు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఈ ప్రశ్నలకు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఉండాలి. ఏవి ముందు రావాలో చీటీ తీసి తేలుస్తారు. భోజనం తర్వాత బిల్లులు. శుక్రవారం మధ్యాహ్నం రెండున్నర గంటలు ప్రైవేటు సభ్యులవి, అంటే మంత్రులు కానివాళ్లవి. ఏ బిల్లుకు ఎన్ని గంటలు అన్నది ఛైర్మన్ అధ్యక్షతన సభా కార్యక్రమాల సలహా సంఘం, అందరూ బీఏసీ అని పిలిచేది, ముందే అనుకుంటుంది. ఆ గంటల్ని పార్టీల బలాన్ని బట్టి పంచుతారు. ఒకే ఒక్క సభ్యుడున్న పార్టీకి దక్కే కొద్ది నిమిషాలు కూడా ఆ లెక్కలోవే.

ఛైర్మన్ కుర్చీకి కింద ఒక బల్ల ఉంటుంది. సెక్రటరీ జనరల్ కూర్చునేది అక్కడ. సభ్యులకు సమావేశాల పిలుపు వెళ్లేది ఆ సంతకంతోనే, బిల్లు పాసయిందని లోక్‌సభకు కబురు వెళ్లేదీ ఆ సంతకంతోనే. 1993 నుంచి 1997 దాకా ఆ బల్ల దగ్గర కూర్చున్నది అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా చేబ్రోలులో పుట్టిన వి.ఎస్. రమాదేవి. రాజ్యసభకు తొలి మహిళా సెక్రటరీ జనరల్ ఆవిడే. అంతకు ముందు 1990లో కొద్ది రోజులు దేశ ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా చేశారు, ఆ పదవిలోనూ తొలి మహిళ. తర్వాత హిమాచల్ ప్రదేశ్, కర్ణాటకలకు గవర్నర్ అయ్యారు. న్యాయశాస్త్రం చదువుకున్న తెలుగు ఆడపిల్ల పార్లమెంటు బల్ల దాకా వెళ్లింది. ఈ హాల్లో కూర్చున్న ఆడపిల్లలు ఆ పేరు గుర్తుపెట్టుకోవాలి.

ఆ సభకు తొలి ఛైర్మన్ సర్వేపల్లి రాధాకృష్ణన్. తర్వాతి కాలంలో వి.వి. గిరి, 2017 నుంచి 2022 దాకా ఎం. వెంకయ్యనాయుడు ఆ కుర్చీలో కూర్చున్నారు. వెంకయ్యనాయుడు పూర్తిగా నడిపిన తొలి సమావేశాల్లోనే ఒక చిన్న మార్పు చేశారు. మంత్రులు కాగితం సభ ముందుంచేటప్పుడు ‘ఐ బెగ్ టు’ అని మొదలుపెట్టడం పాత అలవాటు. స్వతంత్ర దేశంలో ఈ అడుక్కోవడం ఎందుకని, ఆ మాట వదిలేయమన్నారు. 2018 జూలైలో డోగ్రీ, కశ్మీరీ, కొంకణి, సంతాలీ, సింధీ భాషలకూ అనువాదకుల్ని ఏర్పాటు చేయడంతో ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోనూ సభలో మాట్లాడే వీలు కలిగింది. తెలుగు సభ్యుడు తెలుగులో మాట్లాడాలంటే ముందుగా చెప్పాలి, అప్పుడే అనువాదకుడు సిద్ధంగా ఉంటాడు. చెప్పడం మరిచిపోతే హక్కున్నా ఆ పూటకు మాట అందరి చెవికీ చేరదు.

నోటీసు, వేళ, వరస. తెలుగువాళ్ల బతుకులు వీటి మీద ఎంత ఆధారపడ్డాయో రెండు రోజులు చెబుతాయి.

మొదటిది 2014 ఫిబ్రవరి 20. ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లు రాజ్యసభకు వచ్చింది. అంతకు రెండు రోజుల ముందు లోక్‌సభలో అది పాసయినప్పుడు ప్రత్యక్ష ప్రసారమే ఆగిపోయింది. రాజ్యసభలో డిప్యూటీ ఛైర్మన్ పి.జె. కురియన్ కుర్చీలో ఉన్నారు. నినాదాలు, ప్లకార్డులు, వాయిదాల మధ్య చర్చ నడిచింది. ప్రధాని మన్మోహన్ సింగ్ ఆరు అంశాల ప్రకటన చేశారు. కొత్త ఆంధ్రప్రదేశ్‌కు అయిదేళ్లు ప్రత్యేక హోదా అందులో ఉంది. అప్పుడు ప్రతిపక్షంలో ఉన్న వెంకయ్యనాయుడు పదేళ్లు కావాలన్నారు. రాత్రికి బిల్లు మూజువాణి ఓటుతో గట్టెక్కింది. సవరణలేవీ చేరలేదు.

ఎందుకు చేరలేదో అర్థం కావాలంటే క్యాలెండర్ చూడాలి. రాజ్యసభ ఒక్క అక్షరం మార్చినా బిల్లు మళ్లీ లోక్‌సభకు వెళ్లాలి. 15వ లోక్‌సభ చివరిసారి కూర్చున్నది మర్నాడు, ఫిబ్రవరి 21న. ఆ ఒక్క రోజు తప్పితే బిల్లే పోయేది. అందుకని హోదా సెక్షనుగా చట్టంలోకి ఎక్కలేదు, ప్రకటనగా సభ రికార్డులో మిగిలింది. జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. శామీర్‌పేటలో ఆ సంబరం చూసినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. హోదా కోసం ఆంధ్రప్రదేశ్‌లో ఏళ్ల తరబడి ధర్నాలు జరిగాయి. సభలో అన్న మాటకు, చట్టంలో రాసిన మాటకు ఎంత దూరమో ఇంతకన్నా బాగా చెప్పే ఉదాహరణ తెలుగు నేల మీద లేదు.

రెండోది 2020 జనవరి 22, వెలగపూడిలోని ఆంధ్రప్రదేశ్ శాసనమండలి. మూడు రాజధానుల బిల్లు, రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) రద్దు బిల్లు శాసనసభలో పాసయి మండలికి వచ్చాయి. మండలిలో సంఖ్యాబలం ప్రతిపక్షానిది. బిల్లుల్ని సెలెక్ట్ కమిటీకి పంపాలని వాళ్ల పట్టు. కానీ ఆ ప్రతిపాదన రావాల్సిన వేళకు, రావాల్సిన పద్ధతిలో రాలేదు. ఛైర్మన్ ఎం.ఎ. షరీఫ్ ఆ లోపాన్ని సభలోనే చెప్పి, 154వ నిబంధన కింద తన విచక్షణాధికారంతో బిల్లుల్ని కమిటీకి పంపుతున్నట్టు ప్రకటించారు. అయిదు రోజులకు, 27న, మండలినే రద్దు చేయాలని శాసనసభ 133-0తో తీర్మానించింది. ఛైర్మన్ పంపమన్న కమిటీ ఏర్పడనే లేదు. నిబంధనలకు లోబడి లేదంటూ మండలి కార్యదర్శి ఫైలు వెనక్కి పంపారు. జూన్‌లో శాసనసభ బిల్లుల్ని రెండోసారి పాస్ చేసింది. 197వ అధికరణం ప్రకారం రెండోసారి వచ్చిన బిల్లును మండలి నెల రోజులకు మించి ఆపడానికి వీల్లేదు. గడువు గడిచింది, జూలై 31న గవర్నర్ ఆమోదించారు. మండలి రద్దు తీర్మానాన్ని 2021 నవంబరులో అదే శాసనసభ వెనక్కి తీసుకుంది.

అందులో ఎవరి పక్షం న్యాయమన్నది వేరే చర్చ. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి: నోటీసు వేళకు, సరైన పద్ధతిలో పడి ఉంటే విచక్షణాధికారం జోలికే పోనక్కర్లేదు, ఫైలు తిప్పి పంపడానికి సాకూ దొరికేది కాదు. నిబంధనల పుస్తకం చదివిన ఒక్క కుర్రాడు, ముందు రోజు సాయంత్రం ఒక్క కాగితం టైపు చేసి ఇచ్చి ఉంటే సరిపోయేది.

తెలుగువాళ్ల పెద్దల సభకు ఇలాంటి గండాలు కొత్త కాదు. 1958లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ మండలి 1985లో ఎన్టీఆర్ హయాంలో రద్దయింది, 2007లో మళ్లీ ప్రాణం పోసుకుంది. తెలంగాణ మండలిలో నేడు 40 సీట్లు. దేశంలో మండళ్లున్నది ఆరు రాష్ట్రాల్లోనే, అందులో రెండు తెలుగు రాష్ట్రాలు. మండలి దండగన్నవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. బిల్లును రెండోసారి చదివే కళ్లు ఉండటం దండగ కాదు. ఆ కళ్లు నిజంగా చదవాలి, అదొక్కటే షరతు.

1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం శామీర్‌పేటలోనే ఉంది. ఈ చుట్టుపక్కల ఇంజినీరింగ్, మేనేజ్‌మెంట్ కాలేజీలకు లెక్కే లేదు. ఇక్కడి పట్టభద్రులకు కోర్టులు తెలుసు, కంపెనీలు తెలుసు. సభలో ప్రశ్నకు సమాచారం పోగేయడం, సవరణ రాయడం, చర్చలను అనువదించడం కూడా ఉద్యోగాలేనని తెలిసినవాళ్లు తక్కువ. చట్టసభల పనిని అధ్యయనం చేసే పీఆర్‌ఎస్ సంస్థ నడిపే ల్యాంప్ ఫెలోషిప్‌లో యువ పట్టభద్రులు ఒక ఎంపీ దగ్గర వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాల దాకా ఆ పనే చేస్తారు. తెలుగు బాగా వచ్చి, ఇంగ్లిషులో చట్టం చదవగలిగిన పిల్లల అవసరం ఇటు హైదరాబాద్ మండలికీ ఉంది, అటు ఢిల్లీ రాజ్యసభకూ ఉంది.

అంత దూరం వెళ్లలేనివాళ్లకు చేతిలోనే ఒక పని ఉంది. పట్టభద్రుల స్థానంలో పాత ఓటర్ల జాబితా పనికిరాదు, ప్రతి ఎన్నికకూ కొత్తగా తయారవుతుంది. నవంబరు 1 నాటికి డిగ్రీ వచ్చి మూడేళ్లు నిండి, నియోజకవర్గంలో నివాసం ఉన్నవాళ్లు అర్హులు. అడగకుండా ఎవరూ పేరు ఎక్కించరు. ఈ పట్టాను ఫ్రేము కట్టించి గోడకు తగిలించే ముందు ఒక నకలు తీసి దాచుకోండి. మూడేళ్ల తర్వాత, ఎన్నిక వచ్చినప్పుడు, దాన్ని జతచేసి ఫారం 18 నింపి ఇవ్వండి.