సెరెంగెటీ నుండి జాంజిబారు వరకు

వన్యమృగములను చూచుట కొక దేశమునకును, సముద్రతీరమున విశ్రమించుటకు మరియొక దేశమునకును పోవలసిన పని లేకుండ, రెండింటిని ఒక్క యాత్రలోనే సమకూర్చు దేశములు కొన్ని కలవు. వానిలో తూర్పు ఆఫ్రికాయందలి టాంజానియాను గూర్చి నేడు ముచ్చటింపదలచితిమి. 1961లో స్వాతంత్ర్యము పొందిన టాంగన్యీకాయు, 1964 జనవరిలో విప్లవమును చూచిన జాంజిబారును ఆ సంవత్సరము ఏప్రిలులో ఏకమైనవి. ఆ రెండు పేర్ల మొదటి ముక్కలను కలిపి కొత్త దేశమునకు పేరు పెట్టిరి. నేటి యాత్రికుడు చేయునదియు ఇంచుమించుగా అదే. మొదటి వారము టాంగన్యీకా మైదానములకు, రెండవ వారము జాంజిబారు ఇసుకకు.

ముందుగా సఫారి యను మాటను గూర్చి. అది స్వాహిలీ భాషలోని మాట, ప్రయాణమని అర్థము. అరబ్బీ సఫరు దానికి మూలము. హైదరాబాదు వీధులలో సఫరు అను మాట విన్నవారి కిది వింతగా తోచదు. స్వాహిలీవారు అంగడిని దుకా యందురు, బండిని గారి యందురు, డబ్బును పేసా యందురు, తేనీటిని చాయి యందురు. చపాతీని చపాతీ యనియే యందురు. చలికాలమున ఈశాన్యమునుండి వీచు కస్కాజీ గాలితో పశ్చిమ భారతపు రేవులనుండి ఓడలు అచ్చటికి చేరెడివి. గాలి మారి దక్షిణమునుండి కూసీ వీచునప్పుడు తిరిగి వచ్చెడివి. ఈ మాటలలో కొన్ని ఆ ఓడలలోనే సముద్రము దాటినవి.

ఇక సెరెంగెటీ. అంతులేని మైదానమను అర్థము గల మసాయి మాటనుండి ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. 1951లో జాతీయోద్యానముగా ఏర్పడిన ఈ ప్రదేశపు వైశాల్యము 14,763 చదరపు కిలోమీటర్లు. సింహములను చూడవలెనని పోయినవారికి సింహములు కనబడును. అందు సందేహము లేదు. అయినను అచ్చటి ముఖ్యవిశేషము సింహము కాదు, గడ్డి యని మా అభిప్రాయము. దక్షిణ మైదానములందలి నేల పూర్వము అగ్నిపర్వతములు చిమ్మిన బూడిదతో ఏర్పడినది. ఆ బూడిద క్రింది పొర గట్టిపడుటచేత చెట్లు లోతుగా వేరు పారలేవు. పొట్టి గడ్డి మాత్రము మొలచును. ఆ గడ్డిలో సున్నమును భాస్వరమును సమృద్ధిగా నుండును. చూలి పశువులకును పాలిచ్చు పశువులకును అంతకంటె మంచి మేత లేదు. అయితే వానలు వెనుకబట్టగానే అచ్చట నీరుండదు. మేతకొరకు వచ్చుట, నీటికొరకు పోవుట, ఈ రెండింటి నడుమ పది లక్షలకు మించిన వైల్డుబీస్టులును, వానితోపాటు సుమారు రెండు లక్షల చారలగుఱ్ఱములును ఏటేట ఒక పెద్ద వలయముగా తిరుగుచుండును.

వైల్డుబీస్టు చూపునకు అందమైన జంతువు కాదు. ఎద్దు కొమ్ములు, మేక గడ్డము, గుఱ్ఱపు తోక గలిగి, ఎవరో మిగిలిన ముక్కలతో అతికినట్లుండును. కాని దాని ఈతల సంగతి వినదగినది. ఫిబ్రవరి నెల చుట్టు కొద్ది వారములలోనే లక్షల దూడలు పుట్టును. ఏడాది పొడుగునను కొన్ని కొన్నిగా ఈనినచో సింహములును దుమ్మలగొండులును ఒక్కటి మిగులకుండ తినివేయును. అన్నియు ఒక్కసారి పుట్టినప్పుడు తినువాని కడుపులు నిండిపోవును గాని దూడలు తరుగవు. పుట్టిన కొద్ది నిమిషములకే దూడ లేచి నిలుచును. ఆనాడే తల్లి వెంట పరుగిడును. మేజూను నెలలలో మంద పడమటి దిక్కునకు జరుగును. జూలై మొదలు అక్టోబరు వరకు ఉత్తరమున మారా నది దాటుచు, కెన్యాలోని మసాయి మారాలోనికి పోవుచు వచ్చుచు నుండును. మొసళ్లు కాచుకొని యుండు ఆ రేవులనే చలనచిత్రములలో మనము తరచుగా చూచుచుందుము.

ఇచ్చట బండ్లను గూర్చి యొక మాట చెప్పక తప్పదు. ఒక చోదకుడు చీతా కనబడినదని రేడియో యంత్రములో చెప్పగానే పదిహేను ఇరువది బండ్లు వచ్చి చుట్టుముట్టుట మేము చూచితిమి. చీతా పగటివేళ వేటాడు జంతువు. చుట్టును బండ్లు క్రమ్ముకొన్నచో దాని వేట చెడును; వేట చెడినచో పిల్లలు పస్తుండును. దగ్గరగా పోనిండని చోదకుని తొందరచేయువారు యాత్రికులే. దూరముగా నిలుపుమని చెప్పినచో అతడు సంతోషముతో నిలుపును, మంచి దుర్భిణి యొకటి వెంటనున్న చాలును.

దారిలో న్గోరొంగోరో. ఒకనాటి అగ్నిపర్వతము కూలి ఏర్పడిన గుంట యిది. లోతు సుమారు 600 మీటర్లు, అడుగున వైశాల్యము 260 చదరపు కిలోమీటర్లు. దాని అంచున రాత్రులు చలి కొరుకును. ఆఫ్రికాకు ఉన్ని బట్ట లెందులకని నవ్వకూడదు. ఈ గుంటకంటె మాకు ఎక్కువ ఆలోచన కలిగించినది దాని చుట్టునుండు మసాయి పశుపాలకుల చరిత్ర. 1959 ప్రాంతమున వారిని సెరెంగెటీనుండి తరలించి, న్గోరొంగోరోలో మృగములతోపాటు నివసించు హక్కు నిచ్చిరి. ఇప్పుడు అచ్చట జనము పెరిగినదని చెప్పి ప్రభుత్వము 2022 మొదలు అనేక కుటుంబములను దూరముననున్న మ్సొమేరా గ్రామమునకు పంపుచున్నది. ఇష్టపడి పోవుచున్నారని అధికారులును, పొమ్మనలేక పొగబెట్టుచున్నారని మసాయి వారిలో పలువురును అనుచున్నారు. మనుష్యుడు లేని ప్రకృతి యని మనము చూచి మురియు మైదానమున తరతరములుగా ఆవుల మందలు మేసినవి.

మైదానమునుండి చిన్న విమాన మెక్కినచో కొన్ని గంటలలో జాంజిబారు చేరవచ్చును. అరణ్యమును సముద్రమును ఒక్క ప్రయాణమున కలుపుట నేటి యాత్రా వ్యాపారులు కనిపెట్టిన ఉపాయమని శ్రోతలు భావింపవచ్చును. కాదు. పందొమ్మిదవ శతాబ్దమున లోపలి దేశమునుండి ఏనుగు దంతములు మోసికొని, బానిసలను త్రాళ్లతోను గొలుసులతోను కట్టి నడిపించుకొని, వర్తకుల బిడారులు నెలల తరబడి తీరమునకు వచ్చెడివి. సఫారి యన్నచో అప్పుడదియే. బగమోయో రేవున ఓడ లెక్కించి, నీరు దాటించి, జాంజిబారు సంతలో అమ్మెడివారు. ఈ వ్యాపారమునకు పెట్టుబడి పెట్టినవారిలో కచ్ఛి వర్తకులు ముఖ్యులు. సుల్తాను సుంకముల వసూలును గుత్తకు తీసికొన్న జైరామ్ శివ్‌జీ వారిలోనివాడే. ఆ దంతములలో చాల భాగము బొంబాయికి వచ్చెను. గుజరాతు పెండ్లికూతుండ్ర గాజులైనది కొంత. 1873లో బానిస సంత మూతపడినది. ఆ స్థలముననే ఇప్పుడొక క్రైస్తవ దేవాలయము కలదు. రాతిపట్టణము చూడబోయినవారు చెక్కిన తలుపుల ముందు ఛాయాచిత్రములు తీసికొని తృప్తిపడక, ఆ దేవాలయమున ఒక గంట గడుపవలెను.

మన వంటింటి లవంగమునకును జాంజిబారుతో పూర్వపరిచయ మున్నది. పందొమ్మిదవ శతాబ్దమున సుల్తాను సయ్యద్ సయీదు కాలమున బానిసల కష్టముతో అచ్చట లవంగపు తోటలు విస్తరించినవి. 1937లో అచ్చటి ప్రభుత్వము లవంగ వ్యాపారమును ఒక్క సంఘము చేతిలో పెట్టి భారతీయ వర్తకులను త్రోసివేయ జూచినప్పుడు, మన జాతీయ కాంగ్రెసు జాంజిబారు లవంగములను కొనవద్దని పిలుపు నిచ్చినది. మరుసటి సంవత్సరము రాజీ కుదిరినది. ఆ వర్తకులే తోటల యజమానులకు అప్పులిచ్చి వారిని చేత పట్టుకొన్నారన్న సంగతియు చెప్పిననే కథ పూర్తి యగును.

తీరమును గూర్చి కొలదిగా చెప్పుదుము. తెల్లని ఇసుక, పగడపు దిబ్బ, నీలపు నీరు ప్రకటనలలో చెప్పినట్లే యుండును. ప్రకటనలలో చెప్పని దేమనగా, తూర్పు తీరమున పాటు వచ్చినప్పుడు సముద్రము చాల దూరము వెనుకకు పోవును. ఆ గంటలలో ఈదుటకు నీరుండదు. ఈతయే ముఖ్యమైనచో ఉత్తరమున నుంగ్వీ వైపు పోవుట మేలు. తూర్పున పాటు వేళ నడచినచో స్త్రీలు మోకాటి లోతు నీటిలో మేకులు పాతి, త్రాళ్లకు సముద్రపు నాచు కట్టుచుండుట కనబడును. దానిని ఎండబెట్టి విదేశములకు పంపుదురు. 1980ల చివర మొదలైన ఈ సాగు అనేకమంది స్త్రీల చేతికి తొలిసారి సొంత డబ్బు తెచ్చినది. ఇటీవల లోతు తక్కువ నీరు వేడెక్కి, మంచి ధర పలుకు రకము చచ్చిపోవుచున్నది. లోతునకు పోయి పెంచవలెనన్న వారిలో అనేకులకు ఈత రాదు.

ఎప్పుడు పోవలెనను ప్రశ్న కలదు. మేమెరిగిన యొక కుటుంబమువారు పిల్లల పరీక్షలు ముగిసినవని, టిక్కెట్లు చౌకగా దొరకినవని ఏప్రిలులో బయలుదేరిరి. ఆ నెలలో ధర యేల తగ్గునో అమ్మినవారు చెప్పలేదు. మార్చి చివరనుండి మే వరకు అచ్చట పెద్ద వానలు. మైదానమున బండి బురదలో దిగబడినది, ద్వీపమున నాలుగు దినములు గదిలో కూర్చుండిరి. మన దసరా సెలవులు నది దాటు కాలమునకును, సంక్రాంతి తరువాతి వారములు దూడలు పుట్టు కాలమునకును సరిపోవును. అరణ్యము ముందు, తీరము తరువాత అను క్రమమును తారుమారు చేయరాదు. తెల్లవారుజామున లేచి దుమ్ములో తిరిగిన ఒడలు విశ్రాంతి కోరును. తీరమున సోమరియైన ఒడలు తెల్లవారుజామున లేవనొల్లదు.

చిన్న విమానములలో సామాను పదునైదు కిలోలకు మించనీయరు, అదియు మెత్తని సంచిలో నుండవలెను. ప్లాస్టిక్ సంచులు 2019 నుండి ఆ దేశమున నిషిద్ధములు. మలేరియా మందును గూర్చి ప్రయాణమునకు ముందే వైద్యుని అడుగవలెను. విమానమునకు డబ్బు చాలనివారు విచారపడ నక్కరలేదు. అరూషా నుండి దారెస్సలాముకు బస్సు ఒక పగలంతయు తీసికొనును. దారిలో మబ్బు విడిచినచో కిలిమంజారో, తరువాత కలబంద జాతికి దగ్గరగా కనబడు సిసాలు నార తోటలు, ఉసంబారా కొండలు కనబడును. మరునాడు ఉదయపు ఓడ సుమారు రెండు గంటలలో జాంజిబారు చేర్చును. రెండు దారులను చూచిన మేము మరల పోయినచో బస్సునే ఎక్కుదుము.